మన పేటకు పోలీసు అధికారి

ఇంటికి తలుపును, చేనికి కంచెయు, ఊరికి కావలివాడును ఉండవలెనని మన పెద్దలు చెప్పుదురు. అయితే తలుపు గట్టిదైన మాత్రమున చాలదు; దాని తాళపుచెవి యెవరి చేతిలో నున్నదో ఇంటివారు ఎరిగియుండవలెను. కంచెయే చేను మేసినచో కాచువారెవ్వరను సామెత మనలో పుట్టుటకు కారణ మిదియే. కావలివాని నెవరు ఏరుకొనవలెను, అతడెవరికి ఉత్తరవాదియై యుండవలెను అను విచారము పాలకులకు మాత్రమే సంబంధించినది కాదు. రాత్రి పాళీ ముగించుకొని కర్మాగారము నుండి ఒంటరిగా ఇల్లు చేరవలసిన తండ్రికిని, సాయంకాలము పాఠశాల నుండి రాజబాట దాటి పోవలసిన బాలికకును అది ప్రాణసమానమైన విషయము.

పౌరశాస్త్ర పాఠము చెప్పునపుడు విద్యార్థులు మమ్ము తరచుగా నొక ప్రశ్న యడుగుచుందురు. అమెరికా దేశమున పదివేలో ఇరువదివేలో జనముగల చిన్న పేట సైతము తన పోలీసు ప్రధానాధికారిని తానే యేరుకొని, తానే జీతమిచ్చి నిలుపుకొనునట. మన పటాన్‌చెరువునకు గాని సంగారెడ్డికి గాని అట్టి స్వాతంత్ర్య మేల లేదు? ప్రశ్న మంచిదే. దీనికి సమాధానము చెప్పుటకు మొదట మన ప్రాంతపు పూర్వచరిత్రను, పిమ్మట ఇతర దేశముల యనుభవమును, తుదకు నేటి మన యేర్పాటును వరుసగా పరిశీలింతము.

పూర్వకాలపు కావలి

నేడు సంగారెడ్డి జిల్లా యని పిలువబడు ఈ సీమ 2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదివరకు మెదకు జిల్లాలో చేరియుండెను. 1948 వరకు ఇది నిజాము ప్రభువుల రాజ్యములోనిది. ఆ కాలమున గ్రామములందు పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ యను మువ్వురు ఉద్యోగులుండిరి. శిస్తు వసూలు చేయుట మాలీ పటేలు పని. లెక్కలు వ్రాయుట పట్వారీ పని. శాంతిభద్రతలు చూచుట పోలీసు పటేలు పని. వారికి సాయముగా తలారులు, సేత్‌సిందీలు అను కావలివాండ్రుండిరి. పోలీసు పటేలు పరీక్షయందు నెగ్గి వచ్చినవాడు కాడు. గ్రామస్థుల చేత ఎన్నుకొనబడినవాడును కాడు. తండ్రి యనంతరము కుమారునకు ఆ పదవి ఆస్తివలె సంక్రమించుచుండెను.

ఈ పద్ధతిలో ఒక గుణము లేకపోలేదు. పటేలు ఆ యూరివాడే గావున ఎవరు ఎట్టివారో, క్రొత్తగా వచ్చినవాడెవడో అతనికి క్షుణ్ణముగా తెలిసియుండెను. కాని దోషము గుణమును మించినది. పదవి పుట్టుకతో వచ్చునదైనపుడు దానిని పోగొట్టుకొందునను భయ ముండదు. పటేలు న్యాయవంతుడైన యూరు సుఖించెను. దుర్మార్గుడైన యూరు మరియొక తరము వేచియుండవలసివచ్చెను. ఆ దుర్మార్గపు భారము ముఖ్యముగా ఎవరి వీపున పడినదో వెట్టిచాకిరి చేసిన కుటుంబముల వారికి చెప్పనక్కరలేదు. 1984 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దుచేసెను.

రాజ్యపు పై మెట్టున మార్పు అంతకు చాలకాలము ముందే మొదలైనది. 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు 1865 ప్రాంతమున రాజ్యమును జిల్లాలుగా విభజించి, పోలీసు శాఖకు ప్రత్యేకమైన రూపము కల్పించెను. హైదరాబాదు నగర రక్షణాధికారికి కొత్వాలు అని పేరు. ఆ పదము కోటను కాచువాడను అర్థమునుండి వచ్చినదందురు. ఈ కొత్వాలులలో తెలుగువారు గర్వింపదగిన పేరు రాజా బహదూరు వెంకటరామారెడ్డిగారిది. 1869 లో జన్మించిన ఆయన పోలీసు శాఖయందు చిన్న యుద్యోగమున ప్రవేశించి, మెట్టు మెట్టుగా పైకెక్కి, 1920 మొదలు 1934 వరకు నగర కొత్వాలు పదవి నిర్వహించెను. విద్యార్థుల కొరకు 1918 లో స్థాపితమైన రెడ్డి హాస్టలునకు ఆయన మూలస్తంభము. బాలికల విద్యకును పాటుపడెను. నేడు మన రాష్ట్రపు పోలీసు శిక్షణాలయము ఆయన పేర వెలయుచున్నది. లాఠీ చేతబట్టినవాడు పుస్తకమును కూడ ప్రేమింపవచ్చునని ఆయన జీవితము చూపుచున్నది. అయినను ఒక మాట మరువరాదు. ఆయనను నియమించినది ప్రభువు. మంచి ప్రభువునకు మంచి కొత్వాలు దొరకిన ప్రజల యదృష్టము. లేనిచో వారు చేయగల దేమియు లేకుండెను.

ఇతర దేశముల యనుభవము

లండను నగరమున 1829 లో సర్ రాబర్టు పీలు నూతన పోలీసు దళమును నెలకొల్పినపుడు దానికి ఒక అధికారిని గాక ఇద్దరిని నియమించెను. ఒకడు చార్లెసు రోవన్ అను సైనికోద్యోగి; రెండవవాడు రిచర్డు మేన్ అను న్యాయవాది. ఒకనికి దళమును నడుపు క్రమశిక్షణ తెలియును. మరియొకనికి చట్టపు హద్దు తెలియును. బలమును ధర్మమును ఒకదానినొకటి కనిపెట్టియుండవలెనను తత్త్వము ఈ నియామకమున స్పష్టమగుచున్నది.

ఇక అమెరికా దేశమునందలి రెండు చిన్న పేటలను చూతము. కాలిఫోర్నియా రాష్ట్రమున శాన్‌ఫ్రాన్సిస్కో మహానగరమునకు చేరువగా బర్కిలీ యను పట్టణము కలదు. 1905 లో అచ్చటి ప్రజలు ఆగస్టు వోల్మరు అను యువకుని తమ పట్టణపు రక్షణాధికారిగా ఎన్నుకొనిరి. అతడు పూర్వము ఇంటింటికి ఉత్తరములు పంచినవాడు. గావున ప్రతి వీథియు, ప్రతి గడపయు అతనికి పరిచితము. 1909 లో పోలీసు ప్రధానాధికారి పదవి యేర్పడగా అదియు అతనికే దక్కెను. అతడు భటులకు సైకిళ్లనిచ్చి గస్తీ త్రిప్పెను. వారికి పాఠశాల పెట్టెను. విశ్వవిద్యాలయమున చదివినవారిని దళములో చేర్చుకొనెను. నేరము నొప్పించుటకై కొట్టుట కూడదని శాసించెను. 1932 లో అతడు ఉద్యోగము విరమించునాటికి ఆ చిన్న పట్టణపు పద్ధతులను దేశమంతయు అనుసరించుచుండెను.

రెండవది మిస్సోరీ రాష్ట్రమున సెయింట్ లూయీ నగరపు శివారుపేట, పేరు ఫెర్గూసన్, 2010 లో జనసంఖ్య సుమారు 21,000. అచ్చటను పోలీసు అధికారిని నిలుపుకొనునది ఆ పేటయే. 2014 ఆగస్టు 9 వ తేదిన ఆయుధము లేని నల్లజాతి యువకు డొకడు అచ్చట పోలీసు కాల్పులలో మరణింపగా దేశమంతట అలజడి చెలరేగెను. కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో తన నివేదికను ప్రకటించెను. పేట బొక్కసము నింపుటకై జరిమానాలు విరివిగా విధింపుమని పురపాలకులు పోలీసువారిని ఒత్తిడి చేసిరనియు, ఆ భారము విశేషముగా నల్లజాతి బీదలపై పడినదనియు అందు తేలెను. ఆ నెలలోనే పోలీసు ప్రధానాధికారి రాజీనామా చేసెను.

విద్యార్థులు ఇచ్చట జాగ్రత్తగా ఆలోచింపవలెను. రెండు పేటలును చిన్నవే. రెండును తమ యధికారిని తామే యేరుకొనినవే. ఒకటి లోకమునకు మార్గము చూపెను. మరియొకటి లోకముచేత నిందింపబడెను. కనుక ఏరుకొను హక్కు పేట చేతిలో నుండుట ఒక్కటే మేలునకు హేతువు కాదు. ఏరుకొనువారు ఏమి కోరి యేరుకొనిరి? ఏరుకొనబడినవానిని తప్పు చేసినపుడు ప్రశ్నించువారెవ్వరు? ఈ రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే ఫలితము.

నేటి మన యేర్పాటు

మన రాజ్యాంగమున పోలీసు రాష్ట్ర ప్రభుత్వమునకు వదలబడిన విషయము. గ్రామ పంచాయతిగాని పురపాలక సంఘముగాని పోలీసు అధికారిని నియమింపజాలదు. జిల్లాకు సూపరింటెండెంటు అధికారి. మహానగరమునకును దాని శివారులకును కమీషనరు అధికారి. వీరు అఖిల భారత పోలీసు సర్వీసునకు చెందినవారు. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమీషను జరుపు పరీక్షయందు నెగ్గినవారికి హైదరాబాదులోని సర్దారు వల్లభాయి పటేలు జాతీయ పోలీసు అకాడమీయందు శిక్షణ యిత్తురు. ఈ అకాడమీ 1948 లో ఆబూ పర్వతమున ఆరంభమై 1975 లో హైదరాబాదునకు వచ్చినది. రాష్ట్ర పోలీసు సర్వీసు నుండి పదోన్నతి పొంది యీ సర్వీసున ప్రవేశించువారును కలరు.

కాని సామాన్యునకు పోలీసు ప్రభువనగా ఠాణా అధికారియే. అతడు సబ్ ఇన్‌స్పెక్టరుగనో ఇన్‌స్పెక్టరుగనో ఉండును. సబ్ ఇన్‌స్పెక్టరు పదవికి పట్టభద్రులైన యువతీయువకులు రాష్ట్ర నియామక మండలి జరుపు ప్రాథమిక పరీక్షను, దేహదార్ఢ్య పరీక్షను, తుది వ్రాతపరీక్షను దాటవలెను. ఇందు వంశముతో పని లేదు. పటేలు కుమారుడును, పటేలు ఇంట వెట్టి చేసినవాని మనుమరాలును ఒకే బల్లకు కూర్చుండి ఒకే ప్రశ్నపత్రమునకు సమాధానములు వ్రాయుదురు. మన తాతల కాలముతో పోల్చిచూచిన ఇది సామాన్యమైన మార్పు కాదు.

పరీక్షచేత మంచి యధికారి దొరకినను అతనిని ఊరకయే బదిలీ చేయుచున్నచో ప్రయోజన మేమి? పలుకుబడి గలవారి సిఫారసు చొప్పున ఠాణా అధికారులు మారుచుందురను అపవాదు ప్రజలలో బహుకాలముగా కలదు. ఈ వ్యాధికి మందు వెదకుటకై ప్రకాశ్ సింగు అను విశ్రాంత పోలీసు ప్రధానాధికారి 1996 లో సుప్రీము కోర్టు నాశ్రయించెను. 2006 సెప్టెంబరు 22 వ తేదిన న్యాయస్థానము తీర్పు చెప్పుచు ఏడు ఆదేశముల నిచ్చెను. రాష్ట్ర పోలీసు ప్రధానాధికారిని, కేంద్ర పబ్లిక్ సర్వీసు కమీషను యోగ్యులని నిర్ణయించిన మువ్వురు జ్యేష్ఠాధికారులలోనుండి యేరవలెను. అతనికి కనీసము రెండేండ్లు పదవి నుండవలెను. జిల్లా సూపరింటెండెంటునకును ఠాణా అధికారికిని సైతము రెండేండ్ల స్థిరత్వ ముండవలెను. బదిలీలను పోలీసు అధికారుల మండలి నిర్ణయింపవలెను. నేర పరిశోధన చేయువారిని, శాంతిభద్రతలు చూచువారిని వేరుపరుపవలెను. పోలీసువారిపై ఫిర్యాదులు విచారించుటకు ప్రత్యేక మండలి యుండవలెను. ఈ యాదేశములు దేశమంతట సంపూర్ణముగా ఆచరణలోనికి రాలేదు. 2018 లో సుప్రీము కోర్టు ఈ విషయమున రాష్ట్రములను మరల హెచ్చరింపవలసివచ్చెను. అయినను చిన్న ఠాణా అధికారి సైతము సిఫారసునకు గాక చట్టమునకు తలయొగ్గి పనిచేయుటకు కావలసిన రక్షణ యేదో ఆ తీర్పునందు స్పష్టముగా చెప్పబడినది.

మనమే ఏల యేరుకొనరాదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. రామచంద్రాపురమున 1960 ల దశాబ్దమున భారత్ హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసెను. 1972 లో పటాన్‌చెరువు చెంత మెట్టపంటల పరిశోధనకై ఇక్రిశాట్ సంస్థ స్థాపితమయ్యెను. 1970 ల దశాబ్దమునుండి పారిశ్రామికవాడ విస్తరించెను. బీహారు, ఒడిశా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశ్ రాష్ట్రముల నుండి వేలకొలది కూలీలు ఇచ్చటికి వచ్చి అద్దె గదులలో కాపురముందురు. వారిలో అనేకులకు ఇచ్చట ఓటు లేదు; భాష రాదు; తరఫున మాటలాడు బంధువు లేడు. ఇట్టి తావున పోలీసు అధికారిని స్థానికులే యేరుకొని, స్థానికుల ధనముతోనే జీతమిచ్చినచో ఆ ధనము విశేషముగా ఎవరి సంచిలో నుండి వచ్చును? కర్మాగారముల యజమానులదియు, సంపన్న కాలనీల వారిదియు కాదా? జీతమిచ్చువాని మాట చెల్లుట లోకసహజము. జీతము రానందున అడుగబోయిన కూలీకిని, జీతమీయని యజమానికిని తగవు వచ్చిన దినమున అట్టి యధికారి యెవరి పక్షమున నిలుచును? ఫెర్గూసన్‌లో ఓటు బలమును ధనబలమును లేనివారిపైననే జరిమానాల భారము పడినదని మరువరాదు.

ఇందువలన, అధికారి జీతము రాష్ట్ర బొక్కసము నుండి వచ్చుటయు, అతడు దూరముననున్న పై యధికారికి లోబడియుండుటయు బలహీనులకు కొంత రక్షణయని మేము తలంచుచున్నాము. అయితే దూరము వలన వేరొక కీడు కలదు. పేటను ఎరుగని యధికారి వచ్చి, పేటవా రతని నెరుగకముందే వెడలిపోవును. కావున నియామకము రాష్ట్రము చేతిలో నుండవచ్చును గాని, అధికారి తన పనికి ప్రజల యెదుట లెక్క చెప్పు నలవాటు మాత్రము పేటలోనే యుండవలెను. మాసమునకొకసారి కాలనీవారిని, కర్మాగారపు కూలీలను, ఉపాధ్యాయులను కూర్చుండబెట్టుకొని వారి బాధలు వినునట్టి అధికారి నియామకము ఎచ్చట జరిగినను మన యధికారియే.

కొందరు కాలనీవారు కావలివాండ్రను జీతమునకు పెట్టుకొని తమకు సొంత పోలీసు కలదని భావింతురు. అది పొరపాటు. ప్రైవేటు కావలి సంస్థలు 2005 నాటి చట్టమునకు లోబడి లైసెన్సు పొందవలెను. వారి కావలివానికి పోలీసు అధికారము లేదు. ఘోరమైన నేరము కన్నుల యెదుట జరిగినపుడు సామాన్య పౌరునివలెనే అతడు నేరస్థుని పట్టుకొనవచ్చును. కాని ఆలస్యము చేయక, ఆరు గంటలలోపల పోలీసువారికి అప్పగింపవలెను. కొట్టుటకుగాని విచారించుటకుగాని అతనికి హక్కు లేదు.

యోగ్యుని లక్షణములు

కావలివాని యోగ్యత యేమో పరిశుద్ధ గ్రంథము మనకు ముందే చూపినది. మోషే ఒంటరిగా జనులకు తీర్పు తీర్చుచు అలసిపోవుట చూచి అతని మామయైన యిత్రో ఒక యుపాయము చెప్పెను. దేవునికి భయపడువారిని, సత్యవంతులను, లంచమును అసహ్యించుకొనువారిని, సమర్థులను ఏర్పరచి వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వారిని నియమింపుమనెను. సామర్థ్యము లేని మంచితనము దొంగను పట్టజాలదు. మంచితనము లేని సామర్థ్యము తానే దొంగయగును. రెండును ఒకే వ్యక్తియందు వెదకుమని ఆ వృద్ధుని బోధ.

నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించిన పిమ్మట పట్టణపు కావలిని హనన్యా మొదలగు వారికి అప్పగించెను. హనన్యా నమ్మకస్థుడనియు దైవభీతి గలవాడనియు చూచియే అట్లు చేసెను. అంతటితో నిలువక, పట్టణవాసులు తమ తమ యిండ్ల కెదురుగా వంతులచొప్పున కాచుటకును ఏర్పాటు చేసెను. అధికారి యున్నాడని పౌరులు నిద్రపోరాదని దీని భావము. బాప్తిస్మమిచ్చు యోహాను చెంతకు సైనికులు వచ్చి మేమేమి చేయవలెనని యడిగినపుడు, ఎవరినైనను భయపెట్టి సొమ్ము లాగవద్దనియు, అబద్ధపు నేరములు మోపవద్దనియు, జీతముతో తృప్తి పొందుమనియు ఆయన బోధించెను. రెండువేల యేండ్ల నాటి ఆ మూడు మాటలను ప్రతి ఠాణా గోడపై వ్రాసిన తగును.

మన కర్తవ్యము

అధికారిని ఏరుకొను హక్కు మనకు లేకున్నను, అతనిని చట్టము చొప్పున పని యడుగు హక్కు మనకు సంపూర్ణముగా కలదు. 2024 జులై 1 వ తేది నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, పోలీసు విచారణకు అర్హమైన నేరము జరిగినపుడు ఏ ఠాణాయందైనను ఫిర్యాదు చేయవచ్చును. మా హద్దు కాదని త్రిప్పి పంపరాదు. వ్రాసికొనిన ఫిర్యాదు ప్రతిని ఉచితముగా ఈయవలెను. ఠాణా అధికారి నిరాకరించినచో జిల్లా సూపరింటెండెంటునకు వ్రాసి పంపవచ్చును. అక్కడను ఫలింపనిచో మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. సాక్ష్యము కొరకు స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదియేండ్లు దాటిన వృద్ధులను ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. వారి యింటికే వెళ్లి విచారింపవలెను. పట్టుబడినవానిని ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. ఈ నాలుగు మాటలు తెలిసిన తల్లి ఠాణా మెట్లెక్కుటకు వణకదు.

2025 జూన్ 30 వ తేదిన పాశమైలారములోని యొక మందుల కర్మాగారమున జరిగిన పేలుడును మనలో నెవ్వరును మరువజాలరు. నలువదిమందికి మించి కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. కొన్ని దేహములను బంధువుల నెత్తుటి పరీక్షచేత గాని గుర్తింపలేకపోయిరి. దూర రాష్ట్రముల నుండి పరుగెత్తుకొని వచ్చి, తెలుగు రాని కన్నీళ్లతో తమవారి జాడ యడిగిన తల్లులకు, భార్యలకు ఆ దినమున మొదట ఎదురుపడినవాడు ఖాకీ దుస్తులవాడే. అట్టి వేళ అధికారి నుండి కోరదగినది లాఠీ బలము కాదు. ఓర్పు, సత్యము, దయ. ఇవి ఏ పరీక్షాపత్రమునను కొలువబడవు. ఇంటను బడియందును బాల్యమున అలవడవలెను.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందరు పది పదునైదేండ్లకు సబ్ ఇన్‌స్పెక్టర్లు, సూపరింటెండెంట్లు కావచ్చును. తరగతిలో నాయకుడుగా నుండి స్నేహితుని తప్పును కప్పి, బీదవాని తప్పును వ్రాసియిచ్చు బాలుడు రేపు ఠాణాలో కూర్చుండినపుడు వేరుగా నుండునని ఆశింపలేము. భయపెట్టకయే మాట చెల్లించుకొను విద్యను ఇప్పుడే నేర్చుకొనుడు. తలిదండ్రులారా, అల్లరి మానుటకై బిడ్డలను పోలీసు వచ్చునని బెదరింపకుడు. దారి తప్పిననాడు వారు ఆ పోలీసునే శరణు వేడవలెను గదా. మన పేటకు రాబోవు అధికారులు ఎచ్చటినుండియో రారు. ఇట్టి బడుల బల్లల మీదినుండియే లేచి వత్తురు. వారిని సత్యమందును ధైర్యమందును పెంచు భాగ్యము దేవుడు మనకు అనుగ్రహించునుగాక.